కార్డు మీద ఊరి పేరు

మా సారు పోయారని ఆయన కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను పద్మారావు నగర్‌లో మా ఇంటి వరండాలో కూర్చుని పేపరు చూస్తున్నాను. "అన్నా, నాన్న లేడు" అన్నాడు. పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలారట. కునుకు తీస్తున్నారనుకుని పెద్దమ్మ ఫ్యాను వేసిందట. ఆ ఫ్యాను గంటసేపు తిరిగాక గాని ఎవరికీ తెలియలేదు.

నేను చెప్పులు వేసుకుని బయల్దేరాను. ఆటో ఎక్కాలని తోచలేదు. బన్సీలాల్‌పేట దాకా ఆ దారి నా కాళ్లకు ముప్పై ఐదేళ్లుగా తెలుసు. ఎండ ఇంకా ముదరలేదు. పాల ప్యాకెట్ల వాళ్లు, ఇడ్లీ బండ్లు, స్కూలు ఆటోలు ఎప్పటిలాగే ఉన్నాయి. అన్నీ గాజు అవతల నుంచి కనిపిస్తున్నట్టు, చప్పుడు లేకుండా కదులుతున్నట్టు అనిపించింది.

సారు అంటే బడిలో పాఠం చెప్పిన సారు కాదు. మెట్లబావి దగ్గరి సందులో చిన్న ప్రెస్సు ఉండేది, దానికి యజమాని. పెళ్లి కార్డులు, గృహప్రవేశం కార్డులు, కర్మ కార్డులు వేసేవారు. ఆయన పేరు ఇక్కడ రాయను. బతికుండగా ఆ పేరుతో ఆయన్ను పిలిచినవాళ్లు లేరు. వీధిలో చిన్నవాళ్లకీ పెద్దవాళ్లకీ ఆయన సారే. ఆయన భార్య మా అందరికీ పెద్దమ్మ. ఇప్పుడు ప్రెస్సు లేదు. అదే గదిలో కొడుకు కంప్యూటరు పెట్టుకుని ఫ్లెక్సీలు, కార్డులు చేస్తున్నాడు. నేను రోజూ ఒక పూట పోయి తెలుగు తప్పులు దిద్ది, లెక్కల పుస్తకం రాసి వస్తాను.

దహనం అయిపోయి ఇంటికొచ్చిన సాయంత్రం కొడుకు నా పక్కన కూర్చున్నాడు. దశదిన కర్మ కార్డు మ్యాటరు నన్నే రాయమన్నాడు. మూడో రోజుకల్లా పంచడం షురూ చేయాలన్నాడు. పేరు, తిథి, చోటు అన్నీ చెప్పి చివర, "జనగామ కొత్తపల్లి వాస్తవ్యులు అని పెట్టురి అన్నా. మన ఊరు గదే గద" అన్నాడు.

సరే అన్నాను. కానీ ఆ ఊరు మా సారుది కాదని నాకు తెలుసు. ఆ సంగతి ఆయనే నాకు చెప్పి, ఎవరికీ చెప్పవద్దని చేయి పట్టుకుని అడిగారు. ఊరు తప్పుగా పడిన కార్డు ఒక్కటి కూడా తన మెషీన్ నుంచి బయటికి పోకూడదని నాకు నేర్పింది కూడా ఆయనే. ఇప్పుడు రెండింట్లో ఏదో ఒకటి నేను తప్పాలి, అదీ ఆయన సొంత కార్డు మీద.

*

నేను ఆ ప్రెస్సులో లెక్కలు రాయడానికి చేరాను. ఇంటర్ మధ్యలో ఆపేసి రైలెక్కి వచ్చినవాణ్ని. నాకు వచ్చిన నాలుగు ముక్కల తెలుగు అక్కడి ప్రూఫులు చదివి నేర్చుకున్నదే. మొదటి రోజు సారు నా చదువు గురించి గాని, చేతిరాత గురించి గాని అడగలేదు. సిరా అంటిన వేళ్లు గుడ్డతో తుడుచుకుంటూ, "మీదే ఊరు?" అన్నారు.

"శ్రీకాకుళం అండి."

"అది జిల్లా. నేను ఊరడిగిన."

"పాలకొండ."

"అది బస్టాండు. బస్సు దిగి ఏడికి పోతవ్?"

ఆ పేరు సిటీలో ఎవరికీ చెప్పి ఎరగను. "గుమ్మడివలస" అన్నాను మెల్లగా. ఆయన కళ్లు మూసుకుని ఆ పేరును ఒకసారి తనలో తను అనుకున్నారు, నోట్లో వేసుకున్నది తీపో పులుపో చూస్తున్నట్టు. తర్వాత అడిగిన ప్రశ్న నేను ఊహించనిది. "ఊళ్లెకు పోంగ ముందుగాల ఏం కనపడ్తది?"

జీడితోట అని చెప్పాను. వేసవిలో అయితే కంటికి కనపడక ముందే వాసన వస్తుందని, రాలిన పళ్ల పుల్లటి వాసన అరమైలు దూరం ఉంటుందని చెప్పాను. అంత పొడుగు మాట నేను ఆ నెలలో ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన తలూపుతూ విన్నారు. "వలస అంటున్నవ్. అంటే మీ తాతలు సుత ఎక్కడికెల్లో వచ్చి కూసున్నోళ్లే గద తమ్మీ" అన్నారు. పుట్టి పెరిగిన ఊరి గురించి నాకు అంతవరకూ ఆ ఆలోచనే రాలేదు. నేను వదిలి వచ్చిన చోటికి కూడా ఒకప్పుడు ఎవరో మూటలతో నడిచి వచ్చారన్న ఊహ, ఆ రాత్రి పరుపు లేని గదిలో పడుకున్న నాకు ఏదో తోడులా అనిపించింది.

ఆ ప్రెస్సుకు ఒక పద్ధతి ఉండేది. కార్డు మీద ప్రతి ఇంటి పెద్ద పేరుకు ముందు ఊరు ఉండాలి, ఊరి వెనక వాస్తవ్యులు అన్న మాట ఉండాలి. ఆ ఊరు సిటీ అయితే సారు ఒప్పుకునేవారు కాదు. మ్యాటరు రాసుకొచ్చిన కాగితంలో 'సికింద్రాబాద్ వాస్తవ్యులు' అని కనపడగానే కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేవారు.

"అంతకు ముందు?" అనేవారు.

కొందరికి చిరాకు వచ్చేది. మా తాత కాలంనాడే వచ్చేశామండీ అనేవారు. సారు వినిపించుకునేవారు కాదు, "తాత ఏడికెల్లి వచ్చిండు?" అనేవారు. చివరికి చెప్పేవాళ్లు. మారేడ్‌పల్లిలో పెద్ద ఇల్లు కట్టుకున్న బ్యాంకు ఆఫీసరు ఒకాయన కూతురి పెళ్లి కార్డుకు వచ్చి, ఊరి పేరు గుర్తు రాక, అక్కడే నిలబడి అన్నకు ఫోన్ చేసి కనుక్కున్నాడు. కనుక్కున్నాక వెళ్లిపోకుండా స్టూలు మీద కూర్చున్నాడు. ఊళ్లోకి పోతుంటే ముందుగా కుండల ఆవం పొగ కనపడేదని, చిన్నప్పుడు దాన్ని చూసి మబ్బు అనుకునేవాణ్నని, గంటసేపు చెప్పాడు.

ఎన్నో ఏళ్లు చూశాక గాని ఒక సంగతి నాకు అర్థం కాలేదు. మన దగ్గర ఊరు అడిగినవాడు అక్కడితో ఆగడు. ఏ వాడ, ఎవరింటి పక్క, ఇంటి పేరేమిటి అని ఒక్కో మెట్టూ దిగుతూ పోతాడు. నాలుగో మెట్టు మీద కులం ఉంటుంది. దాని కోసమే మొదటి మెట్టు దిగుతాడు. సారు మొదటి మెట్టు మీదే కూర్చుండిపోయేవారు. ముందుగాల ఏం కనపడ్తదన్నదే ఆయన రెండో ప్రశ్న. వచ్చినవాళ్లు అది విని, ముడుచుకున్న భుజాలు వదులు చేసుకోవడం నేను చాలాసార్లు చూశాను. నావి కూడా అలాగే వదులయ్యాయి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన కాగితం కట్టల మీద నడుం వాల్చేవారు. నేను ప్రూఫులు పట్టుకుని పక్కన కూర్చునేవాణ్ని. ఊళ్లు మాత్రం చదవమనేవారు. పేర్లు వద్దు, ముహూర్తాలు వద్దు. నేను ఒక్కొక్కటే చదివేవాణ్ని. మెషీన్ ఆగాక కూడా దాని చప్పుడు గదిలో కాసేపు ఉన్నట్టే ఉండేది. కిటికీకి కొట్టిన రేకు పగులులోంచి ఎండ ఒక పట్టీలా దిగి టైపు పెట్టెల మీద మెల్లగా జరుగుతుండేది. ఆ నిద్రమత్తులో నేను ఎన్నడూ చూడని ఊళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి పోయేవి. ఒక ఊళ్లో ఆవం పొగ, ఒక ఊళ్లో ఇసుక దారి, ఒక ఊళ్లో సున్నం కొట్టిన చావడి గోడ. ఆయన నిద్రపోయారనుకుని ఆపితే, "ఇంకోటి" అనే మాట కట్టల మీంచి వినిపించేది.

ఏ ఊరివాడు వచ్చినా, అటువైపు తనకూ చుట్టాలున్నారని చెప్పేవారు. మెదక్ వాళ్లొస్తే మెదక్‌లో, పాలమూరు వాళ్లొస్తే పాలమూరులో. ఇంతమంది చుట్టాలున్న మనిషి ఇంటికి ఎవరూ రారెందుకని నాకు అప్పుడు తోచలేదు.

ఒకసారి ఆదివారం పాత పుస్తకాల దగ్గర ఒక నిఘంటువు కొన్నాను. అట్ట లేదు, మొదటి పది పేజీలు లేవు. తెలియని మాటల కన్నా తెలుసనుకున్న మాటలే అందులో ఎక్కువ వెతికేవాణ్ని. వాస్తవ్యుడు అంటే నివసించువాడు అని ఉంది. పుట్టినవాడు అని గాని, తాతలనాటి ఊరివాడు అని గాని లేదు. మేము ఇన్నేళ్లుగా ఆ మాటను ఎక్కడ ఉంటున్నారో దానికి కాక, ఎక్కడి నుంచి వచ్చారో దానికి వాడుతున్నాం. చెప్పాలా వద్దా అని వారం రోజులు నలిగాను. చివరికి ఒక సాయంత్రం, తలుపులు వేసే ముందు చెప్పేశాను. ఆయన తాళం వేసి ఇంట్లోకి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున నేను లోపలికి రాగానే అన్నారు:

"పుస్తకంల రైటే ఉంటది. కాదంటలేను. గని మన దగ్గరికి వచ్చినోళ్లు పుస్తకం తెస్తలేరు, ఊరు తెస్తున్నరు. దాన్ని పెట్టుకునెతందుకు వాళ్లకు కార్డు మీద గా ఒక్క లైనే ఉన్నది."

ఆ తర్వాత నేనూ అలాగే వాడాను. ఇప్పటికీ ఆ మాట చూస్తే నాకు మనిషి నివాసం గుర్తు రాదు.

*

నా వల్ల జరిగిన ఒక తప్పు చెప్పాలి. సారు రెండు రోజులు జ్వరంతో ఇంట్లో ఉన్నప్పుడు ఒక పెళ్లి కార్డు ఆర్డరు వచ్చింది. పెళ్లికొడుకు తండ్రి మారేడ్‌పల్లిలో ఉంటాడు. వాళ్ల సొంత ఊరు ఎప్పుడో ప్రాజెక్టు నీళ్ల కింద మునిగిపోయింది. లేని ఊరు కార్డు మీద ఎందుకు, మారేడ్‌పల్లి వాస్తవ్యులు అని వేయండి అన్నాడు. నాకూ సబబే అనిపించింది. అడ్రసు కూడా అదే కాబట్టి ఒక లైను మిగిలింది. కార్డులన్నీ వేసి, ఎండబెట్టి, కట్టలు కట్టి ఇచ్చేశాను.

మూడో రోజు పెళ్లికొడుకు నాయనమ్మ ఆటోలో వచ్చింది. తొంభై ఏళ్లుంటాయి. మనవడు చేయి పట్టుకుని దింపాడు. ఆమెకు చదువు రాదు. ఎవరో చదివి వినిపిస్తే ఊరు లేదని తెలిసిందట. ఒడిలోంచి కార్డు తీసి నా బల్ల మీద పెట్టింది. కోపంగా కూడా అనలేదు.

"ఊరును నీళ్లల్ల ముంచిన్రు. నువ్వు కాయిదంల సుత ముంచినవా బిడ్డా."

ఆ రోజే సారు లేచి వచ్చారు. నన్ను తిట్టలేదు. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఊరి పేరు మూడుసార్లు చెప్పించుకుని, ఊళ్లోకి పోతుంటే ముందుగాల ఏం కనపడేదో అడిగారు. తర్వాత తనే టైపు అక్షరాలు ఏరి ఆ ఒక్క లైను పేర్చారు. కార్డులన్నీ వెనక్కి తెప్పించి, తండ్రి పేరు పైన ఉన్న సన్నటి ఖాళీలో ఆ ఊరు పడేలా, మళ్లీ ఒక్కొక్కటే మెషీన్‌లో పెట్టారు. ఒక్క వెంట్రుక జరిగినా కార్డు పాడవుతుంది. రోజంతా పట్టింది. ముసలమ్మ కదల్లేదు. మెషీన్ నోరు తెరిచి మూసినప్పుడల్లా తన ఊరు ఒకసారి పైకి తేలుతున్నట్టు చూస్తూ కూర్చుంది.

ఆమె వెళ్లిపోయాక సారు నాతో, "ఊరు ఉన్నదా లేదా అని మనం చూడొద్దు. వాళ్లు ఆడికెల్లి వచ్చిన్రా లేదా, గంతే. లేని ఊరు వేసినా నడుస్తది, కాని ఊరు వెయ్యొద్దు" అన్నారు. నాకిది బాగా గుర్తుండిపోయింది.

*

తర్వాత ఉద్యమం రోజులు వచ్చాయి. ఎక్కడివాళ్లు అనే మాట ఊళ్లో ప్రతి చోటా వినిపించేది. నాకెవరూ ఏ కష్టమూ కలిగించలేదు, అది చెప్పాలి. కానీ నేనే నోరు దగ్గర పెట్టుకున్నాను. మా వైపు యాస రాకుండా మాట్లాడేవాణ్ని. ఒకరోజు చాయ్ హోటల్లో పక్కన కూర్చున్న మనిషి, ఊరికే మాట కలపడానికే, మీదెక్కడ అని అడిగాడు. "ఇక్కడే" అన్నాను. సారు నా ఎదురుగా ఉన్నారు. చాయ్ సాసర్లో పోసుకుని తాగారు.

బయటికొచ్చాక అన్నారు, "జీడితోట ఏమైంది?"

నేను తల దించుకున్నాను.

"ఒకపారి దాస్తే రెండోపారి సుత దాయాలె. గట్ల దాసుకుంట పోతే బయటికి తీసెతందుకు తొవ్వ దొరకది తమ్మీ. నాకెర్క." ఆ చివరి మాట అన్నాక ఆయన అడుగు వేగం పెంచారు. ప్రెస్సు తలుపు తెరుస్తూ, నా వైపు చూడకుండా, వచ్చే ఆదివారం పని పెట్టుకోకు అన్నారు.

ఆదివారం పొద్దున సికింద్రాబాద్ స్టేషన్‌లో కాజీపేట వైపు ప్యాసింజరు ఎక్కాం. ఎక్కడికని నేను అడగలేదు. ఆలేరు దాటాక ఒక చిన్న స్టేషన్‌లో దిగి, పట్టాల పక్క కంకర మీద వెనక్కి నడిచాం. డెబ్బైకి దగ్గర పడుతున్న మనిషి నా కన్నా ముందు నడుస్తున్నారు. రెండు వైపులా తుమ్మచెట్లు, వాటి పసుపు పూలు. ఎండకు పట్టాలు దూరాన కరిగి నీళ్లలా కనిపిస్తున్నాయి. అరగంట నడిచాక ఒక చిన్న వంతెన వచ్చింది. వంతెన అనడం కూడా ఎక్కువే. కింద వాన కాలంలో పారే ఒక కాలువ, పైన రెండు రాతి గోడలు. గోడ మీద తెల్ల రంగుతో నూట డెబ్బై నాలుగు అని అంకె.

సారు ఆ గోడ మీద కూర్చున్నారు. పక్కన చోటు చూపించారు.

"నేను గీడ్నే పుట్టిన" అన్నారు.

ఆయన తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్. పట్టాల కింద కంకర సర్దే పని. ఎక్కడ పని ఉంటే అక్కడ పట్టాల పక్కనే రేకుల గుడిసెలు వేసుకునేవారు. ఆ వంతెన దగ్గర గుడిసెలున్న మూడు నెలల్లో సారు పుట్టారు. తర్వాత గుడిసెలు ఇంకో మైలుకు పోయాయి, తర్వాత ఇంకో జిల్లాకు. తాతలది ఏ ఊరో తండ్రికీ తెలియదు, ఆయనా ఏదో పట్టాల పక్కన పుట్టినవాడే. బడిలో చేర్చినప్పుడు పంతులు ఊరడిగితే పిల్లవాడు వంతెన నంబరు చెప్పాడట. తరగతి అంతా నవ్విందట.

"ఊరు లేదంటే మనిషిని నమ్మరు" అన్నారు సారు. "కిరాయికి అర్ర సుత ఇయ్యరు. పెండ్లప్పుడు మధ్యవర్తి జనగామ కొత్తపల్లి అని చెప్పిండు. కొత్తపల్లి లేని తాలూకా ఉండది గద, ఎవ్వడు పట్టుకుంటడన్నడు. నేను నోరు మూసుకున్న."

"పెద్దమ్మకు తర్వాతైనా చెప్పలేదా సారూ?"

"ఫస్టు ఏడాది భయం. తర్వాత శరం. గిప్పుడు చెప్తే, గింత కాలం ఎందుకు చెప్పలే అంటది. దానికి నా దగ్గర జవాబు లేదు."

ఒక గూడ్సు బండి వచ్చింది. మేము దిగి పక్కకు నిలబడ్డాం. అది పోయేదాకా చాలాసేపు పట్టింది. ఆ గాలికి ఆయన చొక్కా ఎగురుతోంది, కళ్లు మూసుకుని ఉన్నారు. బండి పోయాక మిగిలిన నిశ్శబ్దంలో నా చేయి పట్టుకుని, ఇది ఎవరికీ చెప్పకు అన్నారు. "గిది ఊరు కాదు గద తమ్మీ. కార్డు మీదికి ఎట్లెక్కుతది."

మధ్యాహ్నాలు కాగితం కట్టల మీద పడుకుని నాతో ఊళ్లు ఎందుకు చదివించుకునేవారో నాకు ఆ రోజు తెలిసింది.

*

మూడో రోజు పొద్దున మ్యాటరు రాసుకుని వెళ్లాను. మా ప్రెస్సులో ప్రూఫును ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లకు పైకి చదివి వినిపించి, ఊ అనిపించుకున్నాకే అచ్చు వేయడం అలవాటు. కంప్యూటరు వచ్చాక కూడా సారు ఆ అలవాటు మానలేదు. అందుకని పెద్దమ్మ ముందు కింద కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ఇల్లు దుకాణం పైనే, కొడుకు కింద దుకాణంలో ఉన్నాడు. తిథి చదివాను, చోటు చదివాను. తర్వాత సారు పేరు, దాని ముందు ఊరు రావాలి. కాగితం మీద అక్కడ ఖాళీ వదిలి ఉంది. అక్కడ ఆపాను.

"చదువు" అంది పెద్దమ్మ.

నేను కాగితం ఒళ్లో పెట్టుకున్నాను.

"కొత్తపల్లి అని రాసినవా?"

"ఇంకా రాయలేదు పెద్దమ్మా."

"రాయకు."

తలెత్తి చూశాను. ఆమె కిటికీ వైపు చూస్తోంది.

"పెండ్లైన రెండో ఏడాది మల్లెపూలు అమ్మెటామె వచ్చేది. ఆమెది గా కొత్తపల్లే. సంబరంగ అడిగిన. గా ఇంటి పేరోళ్లు మా ఊళ్లె ఎన్నడు లేరమ్మా అన్నది. ఆనాటికెల్లి పూలు ఇంకోకామె దగ్గర కొన్న. ఆమె మల్లొస్తే, ఆయన ఇంట్ల ఉంటే, ఊరు మాట ఎత్తుతదేమో అని."

యాభై ఏళ్లకు పైగా ఒకే ఇంట్లో ఒకరు చెప్పకుండా, ఒకరు అడగకుండా ఉన్నారు. ఎందుకు అడగలేదని నేను అడిగాను.

"రోజుకు పది మందిని ఊరడుగుతుండె ఆయన. ఆయన్ని అడగనోళ్లు ఒక్కరన్న ఉండాలె గద ఇంట్ల." నా ముఖంలోకి చూసి అంది, "నీకు చెప్పిండు."

అవునన్నాను. ఆమె కళ్లలో నొప్పి ఒక్క క్షణం కనిపించి వెళ్లిపోయింది. "మంచిది. ఎవ్వరికన్న చెప్పిండు" అని, "ఏడ?" అంది.

చెప్పాను. వంతెన, కాలువ, తుమ్మపూలు, అంకె, గూడ్సు బండి, అన్నీ చెప్పాను. నాకు చేతనైనంత నెమ్మదిగా చెప్పాను. అయిపోయాక, "గా నంబరే రాయి" అంది.

అప్పటికి కొడుకు పైకొచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతవరకు విన్నాడో తెలియదు. "వంతెన నంబరేందమ్మా. జనం ఏందని అడుగుతరు" అన్నాడు.

"అడగనీ. మీ నాయిన అందర్ని అడిగిండు గద. ఇప్పుడు ఆయన్ని అడిగెటోళ్లు అడగనీ. నువ్వు చెప్పు."

అతను చాలాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తర్వాత నా చేతిలోంచి కాగితం తీసుకుని కిందికి దిగాడు. నేను వెళ్లేసరికి తనే కంప్యూటరులో కొడుతున్నాడు. ఆలేరు, జనగామల మధ్య రైలు వంతెన నూట డెబ్బై నాలుగు దగ్గర జన్మించి, బన్సీలాల్‌పేట వాస్తవ్యులై, అని. వాస్తవ్యులు అన్న మాటను బన్సీలాల్‌పేట పక్కన పెట్టమన్నది పెద్దమ్మే. నిఘంటువు చూసినా అదే సరి. కానీ మొదటిసారి ఆ అంకె స్క్రీన్ మీద కనపడినప్పుడు, వంతెన దగ్గర సారు పట్టుకున్న చేతిని నేను ఇంకో చేత్తో గట్టిగా పట్టుకున్నాను.

కర్మ రోజున వచ్చినవాళ్లు కార్డు చేతిలో పట్టుకునే వచ్చారు. చాలామంది అడిగారు. కొడుకు మొదట తడబడ్డాడు, నాలుగో మనిషికల్లా తేరుకున్నాడు. సాయంత్రానికి తన తాత గ్యాంగ్‌మన్ అని, పట్టాల పక్కన గుడిసెలు ఎలా వేసేవారో అని, తనకు తెలియని సంగతులు కూడా నన్నడిగి మరీ చెబుతున్నాడు. విస్తళ్ల దగ్గర ఎవరూ నవ్వలేదు. ఒక పెద్దాయన మాత్రం కార్డు మడిచి జేబులో పెట్టుకుంటూ, నా ఊరు రాబట్టి తనది దాచుకున్నాడా అని తల పంకించి కూర్చున్నాడు.

ఇదంతా రాయడానికి పెద్దమ్మ ఒప్పుకుంది. చదివి వినిపించాను కూడా.

నెల గడిచాక ఆమె ఆ చోటు చూస్తానంది. కంకర మీద నడవలేదు కాబట్టి రైల్లోంచే చూడాలనుకున్నాం. పొద్దుటి ప్యాసింజరులో ఆమెను కిటికీ దగ్గర కూర్చోబెట్టాం. ఎదురుగా కొడుకు, పక్కన నేను. ఆలేరు దాటగానే కొడుకు కిటికీ ఊచలకు నుదురు ఆనించి వంతెనల అంకెలు చూడడం మొదలుపెట్టాడు. బయట మంచు ఇంకా విడలేదు. తుమ్మచెట్లు తెల్లటి పొగలోంచి ఒక్కొక్కటే పైకి వచ్చి, మళ్లీ వెనక్కి కరిగిపోతున్నాయి. బోగీలో సగం మంది నిద్రలో ఉన్నారు.

"వస్తుందమ్మా" అన్నాడు కొడుకు.

పెద్దమ్మ సర్దుకుని కూర్చుంది. చీర కొంగు భుజం మీంచి తీసి తల మీదుగా కప్పుకుంది. నుదుటి దాకా లాగి, అంచును గడ్డం దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని, తల వంచింది. పెళ్లయ్యాక మొదటిసారి అత్తగారి ఊళ్లో అడుగు పెట్టే కోడళ్లు అలా వంచుతారు. చక్రాల చప్పుడు ఒక్క క్షణం బోలుగా మారింది. కింద కాలువ, రాతి గోడ, తెల్ల అంకె వచ్చి వెళ్లిపోయాయి. ఆమె ఎంత చూసిందో నాకు తెలియదు. జనగామ వచ్చేదాకా ఆ కొంగు తీయలేదు.